బండి కాపురంలో పనుల రోజు: ములుగు నుంచి వరంగల్ దాకా, పొద్దు నుంచి మాపు దాకా

రైల్వే క్యారేజ్ డిపోలో పనిచేసి కాజీపేటలో రిటైరయ్యాక నేనూ మా ఇంటామే ఏడాదిలో సగానికి పైగా బండిలోనే కాపురం ఉంటున్నాం. మాది నిలబడితే తల తగలనంత ఎత్తున్న ట్రావెలర్ వ్యాన్. వెనక మంచం, పక్కన ఒంటి పొయ్యి, మంచం కింద 120 లీటర్ల నీళ్ల ట్యాంకు, మూలకు డబ్బా లెట్రిన్ (మలం కింది డబ్బాలో పడుతుంది, ఆ డబ్బాను విడిగా తీసి ఖాళీ చేసుకోవాలి), కప్పు మీద రెండు సోలార్ పలకలు. రామప్ప, లక్నవరం, పాకాల, గోదావరి ఒడ్డున ఏటూరునాగారం వైపు తిరుగుతుంటాం. బండి కొనాలనుకునేవాళ్లు మమ్మల్ని కలిసినప్పుడల్లా ఏ చెరువు బాగుంటుందని అడుగుతారు. నేను మాత్రం వాళ్లను కూర్చోబెట్టి పనుల రోజు గురించే చెప్తాను. ఆ ఒక్క రోజు సరిగ్గా గడిస్తే మిగతా రోజులు చెరువు గట్టు మీద హాయిగా కూర్చోవచ్చు. అది చెడితే మూడో నాటికే ఇంటికి పోదామనిపిస్తుంది.

మాకు మూడు రోజులకొకసారి చిన్న పనుల రోజు వస్తుంది. అప్పుడు నీళ్లు, లెట్రిన్ డబ్బా చూసుకుంటే చాలు, దగ్గరి ఊర్లోనే అయిపోతుంది. ఆరు రోజులకొకసారి వరంగల్ దాకా పోయి అన్నీ చక్కబెట్టుకొస్తాం. ఈ పెద్ద పనుల రోజు గురించే ఇక్కడ రాస్తున్నాను.

డిపోలో నాకు అబ్బిన అలవాటే ఇక్కడా పనికొచ్చింది. బోగీ డిపో లోపలికి రాగానే ముందు చెత్త, లెట్రిన్ల పని, ఆ తర్వాత కింద బ్రేకులు, బ్యాటరీలు, చిట్టచివర నీళ్లు నింపుడు. బండికీ అదే వరుస పెట్టుకున్నాను. ఖాళీ చేయాల్సినవి పొద్దున్నే, బరువెక్కేవి సాయంత్రం. ఇది మారితే ఏమవుతుందో ముందుకు పోతుంటే మీకే తెలుస్తుంది.

ముందు రోజు రాత్రి: మిగిలిందెంతో చూసుకోవడం

రాత్రి అన్నం తిన్నాక పావుగంట చాలు. ట్యాంకులో నీళ్లెన్ని ఉన్నాయో చూడండి. మీటరు ఉన్నా నేను గీతలు గీసిన కర్ర దించి చూస్తాను. మేమిద్దరం రోజుకు 45 లీటర్ల దాకా వాడతాం. అందులో తాగడానికీ వంటకూ పది, బోళ్లు తోమడానికి పది, మిగతాది స్నానాలకూ చేతులు కడుక్కోవడానికీ. తాగే నీళ్లకు వేరే రెండు 20 లీటర్ల క్యాన్లు పెట్టుకుంటాం. అన్నీ కలిపితే మూడున్నర రోజులు వస్తాయి. అందుకే మూడో రోజు దాటనివ్వం.

గ్యాస్ ఎంతుందో ఊపి చూస్తే తెలియదు, కాంటా వేయాలి. మేం 5 కిలోల చిన్న సిలిండర్ వాడతాం. ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే కొట్టి ఉంటుంది. వేలాడే కాంటాకు తగిలించి ఆ బరువు తీసేస్తే మిగిలిన గ్యాస్ ఎంతో తేలుతుంది. ఇద్దరి వంటకు రోజుకు పావుకిలో దాకా కాలుతుంది, అంటే ఒక సిలిండర్ ఇరవై రోజులు. కిలోన్నర కంటే తక్కువుంటే రేపటి చిట్టీలో గ్యాస్ రాసుకోండి.

చిట్టీ సరుకుల వరుసలో రాయకుండా దారి వరుసలో రాయండి. మాకు ములుగు రోడ్డు మీద దొరికేవి ముందు, హనుమకొండవి తర్వాత, వరంగల్‌వి ఆ తర్వాత. పెద్ద బండిని పట్నంలో రెండుసార్లు వెనక్కి తిప్పితే గంట పోయినట్టే.

ఇంకొక మాట. మీ బండి ఎత్తు, సోలార్ పలకలతో సహా టేపుతో కొలిచి, డ్రైవరు కళ్లముందు అంటించండి. రైల్వే అండర్ బ్రిడ్జీల కింద, పాత బజార్లలో వేలాడే తీగల కింద ఆ అంకె గుర్తుండాలి.

తెల్లారి ఐదింటికి

టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోవాలి. పది కిలోమీటర్లు నడిచాక చూస్తే వేడికి ఎక్కువ చూపిస్తుంది. బండి కింద వంగి చూడండి. రాత్రి నిలిపిన చోట తడి మరక ఉంటే అది నీళ్ల పైపుదో, డీజిల్‌దో, బ్రేకు ఆయిల్‌దో వేలితో అద్ది వాసన చూసి తేల్చుకున్నాకే కదలండి.

నేల మీద మేం కొత్తవాడ జంపఖానా పరుచుకుంటాం. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బండిలో దాన్ని మించిన పరుపు నాకు కనబడలేదు. మందంగా ఉంటుంది, దుమ్ము పట్టుకుంటుంది, దులిపితే వదిలేస్తుంది. పనుల రోజు పొద్దున దాన్ని బయటికి తీసి ఇద్దరం రెండు కొసలూ పట్టుకుని నాలుగుసార్లు గట్టిగా జాడిస్తే సగం ఊడ్చుడు అయిపోయినట్టే.

కదిలే ముందు బట్టలు నానబెట్టాలి. మూత బిగుసుకునే 40 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము తీసుకోండి. సగం దాకా బట్టలు, అవి మునిగేటన్ని నీళ్లు, మామూలుగా వేసేదాంట్లో సగం సబ్బు పొడి వేసి, మూత బిగించి, వెనక తలుపు పక్కన తాడుతో కట్టేయండి. రామప్ప గుడి ఉన్న పాలంపేట నుంచి జంగాలపల్లి దాకా ఊరి రోడ్డు, అక్కడి నుంచి ములుగు మీదుగా జాతీయ రహదారి. ఈ గంటన్నర కుదుపులకు బట్టలు వాటంతటవే ఉతుక్కుంటాయి. చొక్కా కాలర్లు, లుంగీ అంచులు మాత్రం ముందే చేత్తో రుద్దాలి.

మొదటి మజిలీ: లెట్రిన్ డబ్బా

దీని గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే ఎవ్వరూ నోరు విప్పి చెప్పని పని ఇదే. బండి కాపురం మన దగ్గర మర్యాదగా సాగాలంటే దీన్ని శుభ్రంగా చేయడం అందరికీ రావాలి. విదేశాల్లో ఈ డబ్బాలు ఖాళీ చేయడానికి ప్రత్యేకమైన చోట్లుంటాయి. మన దారుల్లో అవి లేవు. అందుకని సెప్టిక్ ట్యాంకుకో డ్రైనేజీకో కలిపి ఉన్న లెట్రిన్ ఎక్కడుందో మనమే చూసుకుని, అడిగి, అందులోనే పోయాలి.

పెట్రోలు బంకు మొదటి దారి. బంకుల్లో కొనుగోలుదారులకు గాలి, తాగునీళ్లు, మరుగుదొడ్డి ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన ఉంది. కానీ డబ్బా ఖాళీ చేసుకోవడం ఆ నిబంధనలోకి రాదు, అది అడిగి తీసుకోవాల్సిన సాయం. నేను ముందు డీజిల్ పోయించుకుంటాను. తర్వాత అక్కడున్న పిల్లవానితో, ‘‘తమ్మీ, మా బండిల లెట్రిన్ డబ్బా ఉన్నది. మీ బాత్రూంల పోసుకుని, శుభ్రంగ కడిగి పోతం. ఏమన్న ఇబ్బందా?’’ అంటాను. దాచిపెట్టకుండా ఉన్నదున్నట్టు చెప్తే పదిలో ఎనిమిది మంది ‘‘పోస్కోరి సారూ’’ అంటారు. వద్దన్నవాళ్లకు దండం పెట్టి ముందుకు పోవాలి. వాళ్ల సెప్టిక్ ట్యాంకు చిన్నదై ఉండొచ్చు.

చేసే పద్ధతి ఇది. చేతులకు రబ్బరు తొడుగులు, కాళ్లకు చెప్పులు. డబ్బా మూతిని లెట్రిన్ గుంతకు దగ్గరగా వంచి, డబ్బాలోకి గాలి పోనిచ్చే బటన్ నొక్కి పట్టి, సన్న ధారగా వదలండి. బటన్ నొక్కకపోతే గుటగుటమని ఎగిరి గోడల మీద పడుతుంది. ఖాళీ అయ్యాక మూడు నాలుగు లీటర్ల నీళ్లు పోసి, మూత బిగించి, అటూఇటూ పదిసార్లు ఊపి మళ్లీ వంపండి. ఇట్లా రెండుసార్లు. తర్వాత ఆ లెట్రినును రెండు బకెట్ల నీళ్లతో మనం వచ్చినప్పటికంటే బాగా కడగాలి. ఊడ్చే ఆమె అక్కడుంటే యాభై రూపాయలు ఆమె చేతికే ఇవ్వండి. మూతి దగ్గరి రబ్బరుకు నెలకోసారి సిలికాన్ నూనె రెండు చుక్కలు రాస్తే కారడం ఉండదు.

ఫినాయిల్, యాసిడ్ ఆ డబ్బాలో పోయకండి. రైలు బోగీల బయోటాయిలెట్ల దగ్గర నేను కళ్లారా నేర్చుకున్న పాఠం ఇది. మలాన్ని కుళ్లబెట్టి నీళ్లుగా మార్చేది అందులోని సూక్ష్మజీవులే. అవి చస్తే వాసన పెరుగుతుంది, ట్యాంకు నిండుతుంది. మీరు డబ్బా ఒంపే సెప్టిక్ ట్యాంకు కూడా ఆ జీవుల మీదే నడుస్తుంది. డబ్బా అడుగున కొంచెం నీళ్లు, సెప్టిక్ ట్యాంకులకు పనికొచ్చే ఎంజైమ్ పొడి ఒక చెంచా వేస్తే సరిపోతుంది.

చెరువులో, వాగులో, కాకతీయ కాలువలో, పొలం గట్టున ఒక్కసారి కూడా పోయొద్దు. ఆ నీళ్లతోనే కిందికి ఎవరో నారు పోసుకుంటారు, ఎవరి పసులో తాగుతాయి. పట్నంలోని సెప్టిక్ ట్యాంకుల మలాన్ని శుద్ధి చేయడానికి వరంగల్‌కు అమ్మవారిపేటలో ప్రత్యేకంగా ఒక కేంద్రమే ఉంది. నగరం అంత జాగ్రత్త తీసుకుంటుంటే మన ఇరవై లీటర్ల డబ్బాకు మనం తీసుకోలేమా?

మొదటి ఏడాది ఈ పనిని సాయంత్రానికి పెట్టుకున్నాం. అది ఆదివారం. బజారు, గ్యాస్, నీళ్లు అన్నీ చూసుకుని ఒక సామూహిక మరుగుదొడ్డి దగ్గరికి పోయేసరికి తాళం. రెండో చోట నీళ్లు లేవు. నిండిన డబ్బా, నిండిన నీళ్ల ట్యాంకు, ఎండకు కాగిన బండి. మూడు గంటలు తిరిగి, చివరికి రాత్రి తొమ్మిదింటికి హసన్‌పర్తిలో మా మేనమామ కొడుకు ఇంటి తలుపు కొట్టాం. ఆయన ఏమీ అనలేదు, వదినె చాయ్ పెట్టింది. కానీ ఆ మూడు గంటలు మా ఇంటామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నది నేను మర్చిపోలేను. ఆ తర్వాత ఎప్పుడూ ఈ పని పొద్దున ఎనిమిది దాటనివ్వలేదు.

చెత్త సంగతి కూడా ఇదే గంటలో తెమల్చండి. తడి, పొడి వేరుగా కట్టి పెట్టుకుంటే పొద్దున తిరిగే చెత్త బండికి చేతికందించొచ్చు. పల్లెల్లోనూ పంచాయతీ ట్రాక్టర్ వస్తుంది. అడిగితే ఏ వేళకు వస్తుందో చెప్తారు.

రెండో మజిలీ: బట్టలు జాడించడం

ములుగు దాటి ఆత్మకూరు వైపు వస్తుంటే రోడ్డు పక్కన బోర్లున్న పొలాలు చాలా కనబడతాయి. మోటారు నడుస్తున్న చోట, మనుషులున్న చోట ఆగాలి. ఎవరూ లేని బోరు ముట్టుకోవద్దు. మా ఇంటామె దిగి పోయి, ‘‘అక్కా, సబ్బు బట్టలున్నయి, రెండు బకెట్ల నీళ్లల్ల జాడిచ్చుకుంటం’’ అంటుంది. ‘‘జాడిచ్చుకోరి, నీళ్లకేమున్నది. ఏ ఊరు మీది?’’ అని అక్కడి నుంచి మాట మొదలవుతుంది.

సబ్బు నీళ్లు మడిలోకి పోకూడదు. గట్టున తుమ్మ చెట్టో వేప చెట్టో ఉంటే దాని మొదట్లో పోయండి. రెండుసార్లు జాడిస్తే చాలు. సబ్బు సగమే వేయమన్నది అందుకే. పిండిన బట్టలను బండిలో కట్టిన తీగ మీద వేసి, కిటికీలు కొద్దిగా తెరిచి పెట్టి నడిపితే ఎండాకాలంలో హనుమకొండ చేరేలోగా సగం ఆరతాయి. వానాకాలంలో ఈ పని పెట్టుకోకుండా పట్నంలో లాండ్రీకి ఇచ్చేయండి. తడి బట్టలు బండిలో రెండు రోజులుంటే పరుపు కూడా బూజు పడుతుంది.

పట్నంలో

తొమ్మిదింటిలోపు హనుమకొండ రైతుబజార్ పని చూసుకోవాలి. అప్పటికి కూరగాయలూ తాజాగా ఉంటాయి, బండి నిలపడానికి జాగా కూడా దొరుకుతుంది. బండిలో ఫ్రిజ్ చిన్నది కాబట్టి కొనే వరుస ఇంటి లెక్కన ఉండదు. తోటకూర, గోంగూర ఆ రోజుకే. బెండ, దొండ, వంకాయ రెండు మూడు రోజులకు. సోరకాయ, గుమ్మడికాయ, ఆలుగడ్డ, ఉల్లిగడ్డ వారం చివరికి. కొత్తిమీరను కడగకుండా తడి గుడ్డలో చుట్టి పెడితే నాలుగు రోజులుంటుంది.

కారం కోసం సీజన్‌లో ఒకసారి చపాటా మిర్చి కొనుక్కోండి. 2025లో దీనికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుండ్రంగా, ముదురు ఎరుపుగా ఉంటుంది, రంగు ఎక్కువ, కారం తక్కువ. ఘాటు మిర్చితో కలిపి గిర్నిలో పట్టించుకుంటే ఇరుకు బండిలో వంట చేసేటప్పుడు కళ్లు మండవు. పట్టించేటప్పుడు డబ్బా మీ చేత్తోనే పట్టుకోండి, ముందు వాళ్ల పిండి కలవకుండా.

ఎనుమాముల మార్కెట్ వైపు మాత్రం మిర్చి, పత్తి రాశులు వచ్చే నెలల్లో మన బండి వేసుకుని పోవద్దు. ట్రాక్టర్లు, డీసీఎంలు, లారీలు వరుస కడతాయి. ఖిలా వరంగల్ కూడా అంతే. కోట గుమ్మాలు వంకరగా మలుపు తిరిగి ఉంటాయి, రెండు పక్కలా రాతి గోడలు. పొడుగు బండి అక్కడ ఇరుక్కుంటే వెనక ఆటోలన్నీ ఆగిపోతాయి. బండి బయట పెట్టి ఆటోలో పోవడమే మేలు.

గ్యాస్: 5 కిలోల సిలిండర్‌కు అడ్రసు రుజువు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు. గ్యాస్ ఏజెన్సీల్లో, కొన్ని పెట్రోలు బంకుల్లో దొరుకుతుంది. ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకోవాలి. నిలువుగానే పెట్టి పట్టీతో కట్టండి. బిగించాక సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. ఈ గ్యాస్ గాలికంటే బరువు, కిందికి దిగి నేలమీదే పరుచుకుంటుంది. అందుకే సిలిండర్ పెట్టే అరకు అడుగున, నేల మట్టంలో, బయటికి తెరుచుకునే రంధ్రం తప్పనిసరి. పై కిటికీ తెరిచి ఉందని నమ్ముకోవద్దు.

మందులు నెలకు సరిపడా ఒకేసారి తెచ్చుకోండి. పింఛనుదార్లయితే నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ పని ఈ చిట్టీలోనే కలపండి. ఆన్‌లైన్‌లో తెప్పించే సరుకులను తెలిసిన కిరాణా కొట్టుకు పంపించుకుంటే వాళ్లు తీసి పెడతారు. మేం ఆ కొట్టులోనే బియ్యం, పప్పు కొంటాం. బండి కాగితాల్లో ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ మూడింటి గడువులూ ఒక కార్డు మీద రాసి పెట్టుకోండి. లోపల మార్పులు చేయించిన బండి అయితే ఆర్‌సీలో సొంత వాడకపు క్యాంపర్ వ్యాన్ అని రాయించుకోవడం చాలా ముఖ్యం. ఇన్సూరెన్స్ దాని మీదే ఆధారపడుతుంది.

మధ్యాహ్నం: కరెంటు లెక్క

పన్నెండు నుంచి మూడు దాకా మేం పని పెట్టుకోం. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది, నిలిపిన బండి లోపల ఇంకా ఎక్కువ. చెట్టు నీడలో పెడితే సోలార్ పలకలకు ఎండ తగలదు, ఎండలో పెడితే మనిషి ఉండలేడు. మా మార్గం ఏమిటంటే బండిని ఎండలో వదిలి, తలుపు వేసి, మేం వేరే చోట నీడన కూర్చుంటాం.

మాకు 400 వాట్ల పలకలున్నాయి. మంచి ఎండ రోజున యూనిట్ ఒకటిన్నర దాకా వస్తుంది, శ్రావణంలో మబ్బు పడితే అందులో సగం కూడా రాదు. 12 వోల్టుల ఫ్రిజ్‌కు రోజుకు అర యూనిట్ నుంచి ముప్పావు, ఫ్యానుకు రాత్రంతా పావు, లైట్లూ ఫోన్లూ కలిపి పావు. మిక్సీ ఐదు నిమిషాలు తిప్పితే లెక్కలోకే రాదు. ఇండక్షన్ పొయ్యి మాత్రం పావుగంటలోనే దాదాపు అర యూనిట్ తాగుతుంది. అందుకే గ్యాస్ మీదే వండుతాం. బ్యాటరీ లిథియం అయితే నీళ్లు పోసే పని లేదు. పాత రకానిదైతే నెలకోసారి డిస్టిల్డ్ వాటర్ చూసుకోండి, సగం కంటే కిందికి దిగనివ్వకండి. బ్యాటరీ తీగల బిగింపులు చేత్తో కదిపి చూడటం మర్చిపోవద్దు. బోగీల్లో నేను చూసిన కరెంటు రిపేర్లలో చాలా వాటికి మూలం వదులైన బిగింపే.

చివరి మజిలీ: నీళ్లు

నాలుగు గంటలకు, పట్నం వదిలే దారిలో. ట్యాంకు, క్యాన్లు కలిపి 160 లీటర్లు, అంటే 160 కిలోలు. ఇద్దరు మనుషుల కంటే ఎక్కువ బరువు. ఆ బరువును పొద్దుటి నుంచి పట్నమంతా మోసుకు తిరిగితే డీజిల్ కాలుతుంది, బ్రేకు ఆలస్యంగా పడుతుంది.

తాగే నీళ్లు వాటర్ ప్లాంటులో క్యాన్లకు పట్టించుకోండి. ట్యాంకు నీళ్లు తెలిసినవాళ్ల ఇంటి నల్లా దగ్గరో, పల్లెలో అయితే మిషన్ భగీరథ నల్లా వచ్చే వేళకో. ఆ వేళ ఊరూరికీ మారుతుంది కాబట్టి పంచాయతీలో కనుక్కోవాలి. అర ఇంచు, ముప్పావు ఇంచు నల్లాలకు ఒక్కో కనెక్టరు, మరలేని నల్లాకు క్లిప్పు బిగించే రబ్బరు మూతి ఒకటి ఉంచుకుంటే ఎక్కడా ఆగిపోరు. నల్లా తిప్పి మొదటి బకెట్ బయటికి పోనిచ్చి, రంగూ వాసనా చూసి, అప్పుడు పైపు తగిలించండి. మంచినీళ్ల పైపు నీలం, లెట్రిన్ డబ్బా కడిగే పైపు ఎరుపు. ఈ రెండూ ఒకే పెట్టెలో ఉండకూడదు.

మూడు నెలలకొకసారి ట్యాంకు శుద్ధి చేయాలి. 100 లీటర్ల నీళ్లకు 5 శాతం హైపోక్లోరైట్ ద్రావణం 100 మిల్లీలీటర్లు. అది దొరకకపోతే తాజా బ్లీచింగ్ పౌడర్ 15 గ్రాములు బకెట్లో కలిపి, పైకి తేరిన నీళ్లు మాత్రమే పోయండి. బండిలోని ప్రతి నల్లా తిప్పి క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి, రాత్రంతా ఉంచి, పొద్దున పంటా చెరువూ లేని గట్టి నేల మీద ఖాళీ చేసి, రెండుసార్లు మంచినీళ్లతో కడగాలి.

పొద్దుగూకే ముందు నిలిపే చోటు

చీకటి పడ్డాక చోటు వెతకొద్దు. ఊరి చివర బడి ముందో, గుడి దగ్గరో, ధాబా పక్కనో ఎవరినైనా అడిగి నిలపండి. హరిత హోటళ్ల ఆవరణల్లో డబ్బు కట్టి ఉండనిస్తారేమో అడగొచ్చు. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల్లో అనుమతి లేకుండా రాత్రి ఆగొద్దు. మేడారం జాతర రెండేళ్లకొకసారి మాఘమాసంలో వస్తుంది. ఆ వారాల్లో ములుగు దారంతా జనంతో నిండుతుంది, మేం పాకాల వైపు జరుగుతాం.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాగు ఒడ్డున బండి పెట్టకండి, నీళ్లు చీలమండ లోతే ఉన్నా సరే. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. అదే రాత్రి భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరికి ఊరే మునిగి, జనం మిద్దెలెక్కారు. ఇండ్లే నిలవని వరదలో బండి నిలుస్తుందనుకోవద్దు.

బండి ఆపాక ఆరిన బట్టలు మడత పెట్టి, సరుకులు సర్ది, మా ఇంటామె సర్వపిండి పెడుతుంది. బియ్యప్పిండి, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కరివేపాకు, ఆ చపాటా కారం. పిండిని మందపాటి గంజుకు లోపలి నుంచి చేత్తో ఒత్తి, వేలితో నాలుగైదు బొక్కలు పెట్టి, అందులో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్న సెగ మీద ఉంచుతుంది. ఒక్క గిన్నె, ఒక్క పొయ్యి, కడగడానికి చెంబెడు నీళ్లు. పొద్దున నాస్తాకూ అదే వస్తుంది.

అది కాలేలోగా నేను పుస్తకం తీసి తేదీ వేసి రాస్తాను: ట్యాంకు 120, క్యాన్లు రెండు, గ్యాస్ ఐదు కిలోలు, బ్యాటరీ తొంభై శాతం, లెట్రిన్ డబ్బా ఖాళీ. కింద గీత కొట్టి, మళ్లీ డబ్బా ఖాళీ చేయాల్సిన తేదీ.